పది గంటల నీళ్ళు

మొన్న ఆదివారం మా మనవరాలు స్వాతి గరాచర్మలోని మా ఇంటి ముందు ఒక ఎత్తైన బండి తెచ్చి నిలబెట్టింది. ఎవరో తుప్పు పట్టించి వదిలేసిన పాత బండి. దాన్ని కొని ఆరు నెలలుగా దాని కిందే కాపురం పెట్టింది. ఫీనిక్స్ బే జెట్టీలో బోటు ఇంజన్లు చూసే ఉద్యోగం దానిది. వారమంతా అక్కడ గ్రీజు పూసుకుని, సెలవు రోజున ఇక్కడ పూసుకుంటుంది. హారన్ వినిపించి నేను వరండాలోకి వచ్చేసరికి, బండి పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మమ్మా, దేఖో! నాలుగు అంగుళాలు లేపాను. ఇప్పుడు ఎంత కీచడ్ ఉన్నా రుకేగా నహీ" అంది.

"కీచడ్ ఎక్కడుందే? రోడ్లన్నీ తారు పోశారు కదా!"

"అదే కదా ప్రాబ్లం! వెతుక్కుంటూ పోవాలి."

నాకు నవ్వాగలేదు. బురద తప్పించుకోవడానికి ఒకప్పుడు మేము బండి ఎత్తాం. వీళ్ళు బురద వెతుక్కోవడానికి ఎత్తుతున్నారు. సరే, ఎవరి సరదా వాళ్ళది అనుకుని, కాఫీ పెడదామని లోపలికి వస్తుంటే, స్వాతి నా వెనకే వచ్చి వంటింటి తలుపుకి అడ్డం పెట్టుకున్న ఎర్ర చెక్క దిమ్మ చేతిలోకి తీసుకుంది. మట్టిలో జాకీ దిగబడిపోతోందట, కింద పెట్టుకోవడానికి ఇది సరిగ్గా సరిపోతుందట. "ఇది నాకిచ్చేయ్ అమ్మమ్మా, దీంతో నీకేం పని?" అంది. "ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల బిత్తరపోయి దిమ్మని అక్కడే పెట్టేసింది. దాని మీద అరిచినందుకు నాకు సిగ్గేసి, కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, అదేమిటో చెప్పడం మొదలుపెట్టాను. చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. తెలుగు చదవడం దానికి అంతంత మాత్రమే. ఎవరైనా చదివి వినిపిస్తారు.

ఆ దిమ్మ ఈ దీవుల అడవుల్లో పెరిగే పడాక్ కర్రది. ఈ దీవుల ఉత్తరం వైపు, నేను పెరిగిన మాయాబందర్ ఇంట్లో తలుపులూ పీటలూ చివరికి పప్పుగుత్తి కూడా పడాక్‌వే. మా నాన్న అక్కడి ప్రభుత్వ వర్క్‌షాపులో డ్రైవరూ మెకానిక్కూ. ఆయనది పార్వతీపురం దగ్గర పల్లె. నీళ్ళంటే ఆయనకి తెలిసినవి కాలవ నీళ్ళూ చెరువు నీళ్ళూ. అమ్మది భీమిలి పక్కన సముద్రం ఒడ్డు, వలలు అల్లే ఇల్లు. ఇద్దరూ పెద్దలకి చెప్పకుండా పెళ్ళి చేసుకుని, అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ తలుపులు వేసేసుకుంటే, దీవుల్లో ఉద్యోగాలిస్తున్నారని విని స్టీమరెక్కి వచ్చేశారు. నేను ఇక్కడే పుట్టాను. నాకు విజయనగరం పైడితల్లి పేరు పెట్టుకున్నారు, ఇంట్లో అందరికీ పైడినే. నాన్నకి చేతి వాచీ ఉండేది. దాన్ని చూడకుండా ఆయన గుక్కెడు నీళ్ళు కూడా తాగేవాడు కాదు. ఆరింటికి టీ, ఏడింటికి వర్క్‌షాపు, ఒంటిగంటకి అన్నం. అమ్మకి వాచీ లేదు. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి మడచెట్ల వైపు ఒకసారి చూసి, వేళ్ళ మీద తిథి లెక్కపెట్టుకుని, "ఇయ్యాల సేపల ఏట పదకొండుకి వస్తాది" అనేది. చేపల బుట్టవాడు పదకొండుకే వచ్చేవాడు.

మా వంటింట్లో ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి. కొబ్బరి నూనె, ఎండుచేప, నాన్న చొక్కాల మీది పెట్రోలు. వానాకాలం ఎనిమిది నెలలు సాగే ఊళ్ళో బట్టలు పొయ్యి మీద కట్టిన తాడు మీదే ఆరేవి కాబట్టి, మేం బడికి వెళ్ళినా, ఎవరింటికి వెళ్ళినా ఆ వాసనలు మా వెంటే వచ్చేవి. నా పక్కన కూర్చునే బెంగాలీ పిల్ల నన్ను కళ్ళు మూసుకుని గుర్తుపట్టేది. నాకు కోపం వచ్చేది కానీ, ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా తగిలితే నా కడుపు నిండిపోతుంది.

నా చదువు పూర్తయిన ఏడు పార్వతీపురం నుంచి మేనత్త ఉత్తరం రాసింది. ఇన్నేళ్ళకి మనసు కరిగిందట. నన్ను తన కొడుక్కి చేసుకుంటుందట, వచ్చే స్టీమరులో పంపించమంది. నాన్న ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాడు. తెంచుకుని వచ్చిన ఇల్లు మళ్ళీ పిలిచింది, ఆయన్ని తప్పుపట్టలేను. కానీ ఉత్తరంలో అమ్మ పేరు ఎక్కడా లేదు. ఆ ఇంటి గడప అమ్మ ఎన్నడూ తొక్కలేదు, తొక్కనివ్వరు. నేను అక్కడికి కోడలిగా వెళ్తే అమ్మ నా ఇంటికి ఎప్పటికీ రావడానికి ఉండదు. అమ్మ ఆ మాట అనలేదు. నేనే అన్నాను, అరిచి మరీ అన్నాను. నాకు టీచరు ఉద్యోగం కావాలి, ఇక్కడే ఉంటాను అన్నాను. "ఉద్యోగం వస్తే ఉండు, రాకపోతే స్టీమరెక్కు" అన్నాడు నాన్న, వాచీ వైపు చూస్తూ.

ఉద్యోగం ఉంది, బడే లేదు. మాయాబందర్‌కి కొంత దూరంలో, మడ అడవిలోంచి పారే ఉప్పుటేరుకి అవతల, కొత్తగా పొలాలిచ్చి కూర్చోబెట్టిన ఊరొకటి ఉండేది. అందరూ దాన్ని నాలా పార్, అంటే ఏటి అవతల, అనేవారు. బెంగాలీలు, రాంచీవాళ్ళు, మనవాళ్ళవి నాలుగైదు ఇళ్ళు. పిల్లలు గొడ్లు కాసుకుంటూ తిరిగేవారు. అక్కడ బడి పెట్టాలంటే బడుల వ్యవహారం చూసే పెద్ద సాహెబు సంతకం కావాలి. ఆయనకి డుంగీ పడవలంటే ప్రాణభయం. దీవుల్లో ఉద్యోగం చేస్తూ పడవెక్కని మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. "వానాకాలంలో మోటారు బండి మీద వెళ్ళి అదే రోజు వెనక్కి రాగలిగితే అక్కడ బడి పెట్టిస్తాను, లేకపోతే లేదు" అని తేల్చి చెప్పేశాడు. ఆ మాట విని నాన్న వర్క్‌షాపు వెనక్కి వెళ్ళి, యుద్ధం నాటి నుంచీ పడి ఉన్న సైన్యం జీపు ముందు నిలబడ్డాడు. నన్ను పంపించాలని ఉన్న మనిషే, పంపించకుండా ఉండడానికి ఆ జీపు బాగుచేయడానికి పూనుకున్నాడు. మా నాన్న అలాంటివాడు.

జీపు అనడానికి అందులో పెద్దగా ఏమీ మిగల్లేదు. సీట్లలోంచి తీగలు పాకి స్టీరింగ్‌ని చుట్టుకున్నాయి. ఇంజను బిగుసుకుపోయింది. నాన్న దానిలో ఆముదమూ కిరసనాయిలూ కలిపి పోసి, పది రోజులు వదిలేసి, రోజూ సాయంత్రం వెళ్ళి హ్యాండిల్ పెట్టి కొంచెం కదిపి చూసేవాడు. పదకొండో రోజు అది కదిలింది. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి ఏమీ చెప్పకుండా రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు, దాంతో మాకు తెలిసిపోయింది. తర్వాత ఎత్తు సంగతి. నాన్న ఒక రోజు వెదురు గడ పట్టుకుని ఏరు దగ్గరికి వెళ్ళి, దాటే చోట నీటి లోతు కొలిచి, గడ మీద కత్తితో గీత పెట్టుకొచ్చాడు. నా తొడ మధ్యకి వచ్చింది ఆ గీత. మామూలు జీపు అందులో దిగితే ఇంజను మునుగుతుంది.

అప్పుడు సా భయ్యాని పిలిచారు. ఆయన వేబీ ఊళ్ళో ఉండే కరెన్ తెగ వడ్రంగి, డుంగీలు చెక్కడంలో ఆయన్ని మించినవాడు లేడు. జీపులో ఇరుసుకి కింద వేలాడుతూ బండి బరువు మోసే కమాను కట్టల్ని విప్పి ఇరుసు మీదికి తెచ్చారు. ఇరుసుకీ కమానుకీ మధ్య దిమ్మలు పెట్టాలి. ఇనుము దొరకదు, దొరికినా ఉప్పు నీళ్ళు తినేస్తాయి. సా భయ్యా పడాక్ దుంగ ఒకదాన్ని గోటితో కొట్టి, చెవి పెట్టి విని, పక్కన పడేసి, ఇంకొకటి తీసుకున్నాడు. "యే ఠీక్ హై. పానీ మే సౌ సాల్ రహేగా, దీదీ" అన్నాడు మా అమ్మతో. నీళ్ళలో వందేళ్ళు ఉంటుందట. నాలుగు దిమ్మలు చెక్కాడు. ఏనుగులతో దుంగలు లాగించే చోటి నుంచి తెగిన గొలుసులు అడిగి తెచ్చి, బురదలో జారకుండా చక్రాలకి చుట్టారు. పొగ గొట్టాన్ని మలిచి నెత్తి పైదాకా లేపారు. పని అయ్యాక చూస్తే జీపు గట్టు మీద మనిషి గొంతుక్కూర్చున్నట్టు ఉంది. స్టీరింగు ఎడమకి లాగేది. ఎంత సరిచేసినా ఆ గుణం పోలేదు.

ఇంజనులోకి తడి రాకుండా చేసింది మాత్రం అమ్మే. నాన్న గుడ్డలు చుట్టి చూశాడు, సబ్బు పూసి చూశాడు, బకెట్టుతో నీళ్ళు కొట్టగానే ఇంజను దగ్గి ఆగిపోయేది. అమ్మ రెండు రోజులు ఊరుకుని చూసింది. మూడో రోజు మట్టి మూకుట్లో గుగ్గిలం పొడి పోసి, కొబ్బరి నూనె కలిపి, సన్నటి సెగ మీద కాచింది. పడవల సందులు పూడ్చడానికి వాళ్ళ పుట్టింట్లో కాచేదట. ఇల్లంతా గుడిలో ధూపం వేసినట్టు పొగ. వేలికి అంటుకుంటే ఊడని ముద్ద తయారయ్యాక, తనే వెళ్ళి కరెంటు తీగలు కలిసే మూత చుట్టూ, తీగ తీగకీ మొదట్లో పూసింది. నాన్న బకెట్టు ఎత్తి కొట్టాడు. ఇంజను ఆగలేదు. "ఇంకోటి కొట్టు. నానేటి మొహమాటపడను" అంది అమ్మ.

తనే జీపులో వచ్చి చూస్తానని సాహెబు ఒక రోజు చెప్పాడు. బయలుదేరడానికి ముందు సాయంత్రం అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, "రేపు అమాస. ఎన్నింటికి దాటతావు ఏరు?" అని అడిగింది.

"పది గంటలకి. పదింటికే కదా కొలిచాను! తొడ లోతు. పన్నెండుకల్లా తిరిగొస్తాం."

"నువ్వు కొలిసింది అష్టమినాడు. అష్టమికి పదింటికి పాటు, నీరు దిగిపోయుంటాది, అమాసకి పదింటికి పోటు. రేపు పదింటికి నీ బండి నెత్తి కూడా కనపడదు."

"నేను కళ్ళారా చూశానే! పదంటే పది!"

"ఏరు నీ వాచీ సూసుకుని నడవదయ్యా."

నాన్నకి ముక్కు మీదే కోపం. అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. పెట్రోలూ ఇంజనూ తన పని, వాటి మధ్య ఆడవాళ్ళ తిథులేమిటని ఆయన ఉద్దేశం. దీవుల్లో అన్నేళ్ళు బతికి, రోజూ సముద్రం చూస్తూ, దాన్ని ఒక్కసారి కూడా అడగని మనుషులు ఆ రోజుల్లో ఆఫీసుల నిండా ఉండేవారు. మర్నాడు పొద్దున్న అమ్మ నాకు జడ వేస్తూ చెవిలో చెప్పింది. "ఒలే పైడీ, రెండు దాటాక సూడు. మీ నాన్న గీత కంటే కిందకి దిగిపోతాది నీరు. అమాస పోటెంత ఎక్కువో పాటూ అంత ఎక్కువ. కానీ ఐదున్నర దాటనీకు, మళ్ళీ ఎక్కేస్తాది." నాలుగు గిన్నెల క్యారియరు నిండా అన్నం, చేపల పులుసు సర్ది ఇచ్చింది. పన్నెండుకి తిరిగొచ్చేవాళ్ళకి ఇంత అన్నమెందుకని నాన్న విసుక్కున్నాడు. అమ్మ క్యారియరు మూత బిగించేసింది.

పదింటికి ఏరు దగ్గరికి చేరాం. ఏరు కనపడలేదు, సముద్రమే అడవిలోకి వచ్చి కూర్చుంది. మడచెట్ల కొమ్మలు నీళ్ళలో ఊగుతున్నాయి. నాన్న గడ దించాడు. గీత మునిగింది, ఇంకా మునిగింది, ఆయన మోచెయ్యి కూడా తడిసింది.

"యే తో సమందర్ హై, డ్రైవర్! ఇదేనా నీ రోడ్డు?" అన్నాడు సాహెబు. తిరిగి పోదామన్నట్టు టోపీ పెట్టుకున్నాడు.

నాన్న మొహం నల్లబడిపోయింది. జీపు ఎక్కి గేరు వేశాడు. అవమానం భరించలేక నీళ్ళలోకి దించేస్తాడని నాకు అర్థమైపోయింది. దించితే జీపూ పోతుంది, బడీ పోతుంది, నా స్టీమరు ఖాయం. నేను పరిగెత్తుకెళ్ళి చక్రాల ముందు నిలబడ్డాను.

"తప్పుకో పైడీ!"

"తప్పుకోను. పోనిస్తే నా మీంచి పోనీ."

"లడ్కీ క్యా బోల్ రహీ హై?" అన్నాడు సాహెబు.

"సాహెబ్, దో బజే తక్ రుకియే. పానీ ఉతర్ జాయేగా. గీత కన్నా కిందకి దిగిపోతుంది."

"ఎవరు చెప్పారు నీకు?"

నా కంటే ముందు నాన్న చెబుతాడేమోనని ఒక్క క్షణం చూశాను. ఆయన స్టీరింగు పట్టుకుని ఎదురుగా నీళ్ళనే చూస్తున్నాడు. "మా అమ్మ" అన్నాను గట్టిగా.

"ఆమె ఏ ఆఫీసులో పనిచేస్తుంది?"

"మా వంటింట్లో సాహెబ్. మధ్యాహ్నానికి మనందరికీ అన్నం కూడా పెట్టి పంపించింది. ఇక్కడ కూర్చోవాల్సొస్తుందని ఆవిడకి నిన్ననే తెలుసు."

సాహెబు క్యారియరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వుతో నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టు మీద ఆకులు పరుచుకుని కూర్చున్నాం. ఆయన పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు. నాన్న ఒక్క ముద్ద ముట్టలేదు, ఐదు నిమిషాలకోసారి వాచీ చూసుకుంటూ ఉండిపోయాడు. నేను మాత్రం ఒక మడచెట్టు వేరు మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండింటికి ఆ వేరు మొన తేలింది. ఒంటిగంటకి వేరంతా తేలింది. రెండు దాటేసరికి బురద మీద ఎర్ర పీతలు బయటికొచ్చి తిరగడం మొదలుపెట్టాయి. గడ దించితే నీళ్ళు గీతకి జానెడు కింద ఉన్నాయి.

ఓణీ నడుముకి బిగించి, గడ పట్టుకుని నేను ముందు దిగాను. మొసళ్ళుండే ఏరే అది, కానీ ఆ రోజు నాకు మేనత్త ఉత్తరం కంటే మొసలి పెద్ద భయం అనిపించలేదు. గట్టిగా ఉన్న చోట కాలు పెడుతూ నేను నడిస్తే, నా అడుగుల వెంట నాన్న జీపు తెచ్చాడు. గొలుసులు బురదని చీల్చి వెనక్కి విసిరేస్తున్నాయి. మధ్యలో చక్రం గుంటలో పడి నీళ్ళు బానెట్ మీద నుంచి ఎగిరాయి. సాహెబు "హే భగవాన్!" అన్నాడు. ఇంజను ఒక్కసారి దగ్గింది. నా గుండె ఆగిపోయింది. ఇంజను మాత్రం ఆగలేదు. అమ్మ గుగ్గిలం పట్టు వదల్లేదు. పడాక్ దిమ్మలు కిర్రుమంటూ బండిని అవతలి ఒడ్డు ఎక్కించేశాయి.

నాలా పార్ పిల్లలంతా మోటారు బండి చూడడానికి గొడ్లని వదిలేసి వచ్చారు. సాహెబు ముప్ఫై మంది దాకా ఉన్నారని తలలు లెక్కపెట్టించుకుని, బానెట్ మీద కాగితం పెట్టుకుని రాస్తుంటే, ఊరివాళ్ళు టీ అన్నారు, కొబ్బరి బోండాలన్నారు. నేను సూర్యుడి వైపు చూస్తూ "సాహెబ్, చలియే, చలియే" అని ఆయన ప్రాణం తీశాను. ఐదింటికి ఏరు దాటేశాం. వెనక్కి తిరిగి చూస్తే నీళ్ళు మళ్ళీ ఎక్కుతున్నాయి. ఇంటికి వచ్చాక నాన్న ఖాళీ క్యారియరు అమ్మ చేతికిచ్చి, "సాహెబుకి పులుసు నచ్చింది" అన్నాడు. అంతే. తప్పు నాదే అని గానీ, నువ్వు చెప్పిందే నిజమైంది అని గానీ ఒక్క ముక్క అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ క్యారియరు కడుక్కుంటూ కూనిరాగం తీస్తూ ఉండిపోయింది.

నెల తిరక్కుండా తాటాకు పాకలో నా బడి మొదలైంది. ఇప్పుడు ఆ ఏరు మీద వంతెన ఉంది. బస్సులో వెళ్ళేవాళ్ళు కింద ఏముందో కూడా చూడరు, ఫోన్లు చూసుకుంటుంటారు. సుఖమే, కాదనను. వంతెన కోసం అర్జీలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఒక ఏరు దాటడానికి ఒక ఇల్లంతా పని చేసిన రోజులు నేను చూశాను. వంతెన వచ్చాక జీపుని తుక్కు కింద అమ్మేస్తుంటే, నాన్న దిమ్మలు నాలుగూ విప్పి తెచ్చుకున్నాడు. మూడు ఎక్కడో పోయాయి. నాలుగోది నా వంటింటి తలుపు దగ్గరుంది. సా భయ్యా చెప్పినట్టే, ఇంకా పుచ్చలేదు.

అంతా విని స్వాతి అడిగింది. "మరి తాతమ్మ? ఆవిడ ఎప్పుడైనా ఆ గాడీ ఎక్కిందా?"

ఎక్కింది. బడి పెట్టిన మొదటి పున్నమికి ఎక్కింది. ఆ సంగతి నాకు అమ్మే తర్వాత చెప్పింది. ఆ రోజు నాన్నకి సెలవు, నేను బడి దగ్గరే ఉన్నాను. నాన్న పొద్దున్నే జీపు తుడిచి, ముందు సీటులో దుప్పటి మడత పెట్టి పరిచి, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడట. చేతికి వాచీ లేదట. "పైడి బడి చూసొద్దాం. ఎన్నింటికి బయలుదేరదాం?" అని అడిగాడట. అమ్మకి మొదట అర్థం కాలేదట. పెళ్ళయిన అన్నేళ్ళలో ఆయన టైము చెప్పడమే గానీ అడగడం ఎరగదు. వేళ్ళ మీద లెక్కపెట్టి, "రెండున్నరకి" అందట. రెండున్నరకే బయలుదేరారు.

నేను పాక ముందు నిలబడి ఉన్నాను. జీపు ఎడమకి లాగుతూ, గొలుసులు గలగలమంటూ వచ్చి ఆగింది. అమ్మ చీర కుచ్చిళ్ళు తడవకుండా పట్టుకుని దిగింది. పాకకి గడప అంటూ సరైనది లేదు, ఒక దుంగ అడ్డం వేసుకున్నాం. దాని ముందు అమ్మ ఆగిపోయింది. లోపలికి రానా అన్నట్టు నా మొహం చూసింది. "నీ కూతురి బడే, లోపలికెళ్ళు" అన్నాడు వెనక నుంచి నాన్న. అమ్మ కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది.

స్వాతి లేచి, దిమ్మని రెండు చేతులతో తీసి, తలుపుకి మళ్ళీ అడ్డం పెట్టింది. "నాకు జాకీకి వేరే లకడీ దొరుకుతుంది" అంది. ఫోను తీసి ఏదో చూసుకోబోయి, దాన్ని జేబులో పెట్టేసుకుంది.

"అమ్మమ్మా, వచ్చే ఆదివారం మాయాబందర్ వైపు తీరం వెంట పోతున్నాం. నువ్వూ రా, ముందు సీటు నీదే. ఎన్నింటికి బయలుదేరదాం?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను.